పోచన్న మెడ

బుడేన్ సాహెబు చేతులు మోచేతుల దాకా మళ్ళీ ఒకసారి కడుక్కుని, తల మీద తెల్ల టోపీ సర్దుకుని, "జుమ్మా నమాజు అయ్యేలోపు ఎత్తిపెట్టు రత్నం. నేనొచ్చేసరికి హుక్కు మీద కనబడాల. కనబడకపోతే ముదీర్‌కి నువ్వే జవాబు చెప్పుకో, నావల్ల కాదు," అని వెళ్ళిపోయాడు. తలుపు దాని బరువుకి అదే మూసుకుంది. ఆ తలుపు ఎప్పుడూ అంతే, చివరి జానెడు దగ్గర ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఆలోచించుకుని, అప్పుడు టక్కున పడుతుంది. అది ఆగిన కాసేపట్లో బయటి ఎండ ఒక తెల్లటి గీతలా గచ్చు మీదికి వచ్చి, స్టీలు బల్ల కాలు దాకా పాకి, తెగిపోయింది. ఇక గదిలో ఇద్దరం అనుకున్నాడు యేసురత్నం. వెంటనే, కాదు, ఒక్కణ్ణే అని దిద్దుకున్నాడు. దిద్దుకున్నాక ఆ రెండో మాటకే ఎక్కువ భయం వేసింది. ఇద్దరం అన్నప్పుడు కనీసం ఒక తోడు ఉన్నట్టుండింది.

గోడలోని ఏసీ గుడగుడమంటూ చల్లటి గాలిని ఊదుతోంది. సగం దాకా తెల్ల రంగు పూసిన కిటికీ అవతల దుబాయ్ ఎండ ఉడుకుతోంది. దూరంగా మసీదు మైకులో ఇమాము ప్రసంగం, మాట అర్థం కాదు కాని గొంతు లేవడం, దిగడం, మళ్ళీ లేవడం తెలుస్తోంది. శుక్రవారం కాబట్టి ఆస్పత్రి కారిడార్లలో తోపుడు బళ్ళ చప్పుడు కూడా లేదు. బల్ల మీద పోచన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు. జెబల్ అలీ క్యాంపులో బుధవారం పొద్దున లేపితే లేవని పోచన్న. మనిషిని పెట్టెలో పెట్టి విమానం ఎక్కించాలంటే ఒళ్ళు చెడకుండా రక్తం నడిచే దారిలో మందు ఎక్కించాలి. ఆ దారి చేతికి అందేది మెడలో. మెడ కోసి, కండరాన్ని పక్కకి తోసి, లోపలున్న పెద్ద ధమనిని హుక్కు మీద పైకి తీయాలి. ఎత్తడమంటే అదే. ఏడాదిగా అతను చదువుతున్న చదువంతా ఆఖరికి ఆ ఒక్క పని దగ్గరికే వచ్చి నిలబడింది. అతనితో చేరిన సూడాన్ కుర్రాడు ఎత్తాడు, సిలోన్ అతను ఎత్తాడు. యేసురత్నం రెండుసార్లు బల్ల దాకా వచ్చి కత్తి కింద పెట్టేశాడు. మొదటిసారి జ్వరమన్నాడు. రెండోసారి చర్మం మీద గీత కూడా పెట్టి, చెయ్యి చచ్చుబడి ఆగిపోతే బుడేన్ సాహెబు కత్తి తీసుకుని తనే పూర్తి చేశాడు. మూడోసారి కూడా కాకపోతే పేరు కొట్టేస్తానన్నాడు ఆస్పత్రి పెద్ద, ముదీర్. పేరు కొట్టేస్తే వీసా ఖలాస్, ఊరు. ఊరంటే సముద్రం. ఆ మాట తలుచుకోగానే నోట్లోకి ఉప్పు వచ్చింది.

మొదట్లో ఈ భయం లేదే. ఎముకలు నేర్పినన్నాళ్ళూ అతనే ముందుండేవాడు. ఎముకకి ముఖం ఉండదు. పుర్రెకి కూడా ఉండదు, ఉన్నట్టు కనిపిస్తుంది గాని అది మన ముఖమే మనకి గుర్తొచ్చి. ఎండిపోయి, తేలిగ్గా, పక్క వీధి పిల్లలు ఆడుకుని వదిలేసిన సామానులాగా ఉండేవి. పేర్లు గడగడా అప్పజెప్పేవాడు. తర్వాత కండరాలు వచ్చాయి. చర్మం ఒలిచిన మనిషి బొమ్మ ఒకటి ఇచ్చారు, నిలువెత్తుది. కరామాలో ఆరుగురు సర్దుకునే గదిలో తన బంకు మంచం పక్క గోడకి దాన్ని అంటించాడు. తణుకు వెంకట్రావు అన్నం గిన్నె ముందు పెట్టుకుని, "ఒరే రత్నం, ముందు ఆయనకో చొక్కా తొడుగు. మాంసం కొట్టు ముందు కూర్చుని తిన్నట్టుంది," అనేవాడు. భోజనం వేళకి ఎవరో ఒకరు ఆ బొమ్మ మీద తువ్వాలు కప్పేవారు. నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. కాని తువ్వాలు కప్పాకే అతనికి ఎక్కువ ఇబ్బందిగా ఉండేది. బొమ్మకి కళ్ళున్నాయి, రెప్పలు లేవు. కప్పిన బట్ట వెనక కళ్ళు తెరుచుకుని, అన్నీ వింటూ, పలకలేక.

వద్దు, అటు వెళ్ళకు అని తనకి తనే చెప్పుకున్నాడు. మెడ. మెడ గురించి చూసుకో. కాలరు ఎముక నుంచి చెవి వెనక దాకా ఏటవాలుగా పోయే కండరం. దాని లోపలి అంచు. అంచు కింద పలచటి సంచీలాంటి పొర. పొరలో మూడు. పక్కగా నీలంగా చప్పగా సిర, వెనకగా తెల్లటి తాడులాగా గుండెకి పోయే నరం, లోపలివైపు ధమని. ఇంటి దగ్గరైతే మూడింటినీ నరమే అంటారు, ఇక్కడ మూడింటికీ మూడు బతుకులు. సాయంత్రాలు బంకు మీద పడుకుని తన మెడ మీదే నేర్చుకున్నాడు. రెండు వేళ్ళు పెట్టి అంచు వెంట దిగితే ఒకచోట అది దొరికేది. టుక్కు, టుక్కు, టుక్కు. ఎవరో లోపలి నుంచి తలుపు తడుతున్నట్టు. "బొటనవేలితో చూడకురా, దానికి దాని నాడి ఉంటది, నీకు అబద్ధం చెప్తది," అన్నాడు బుడేన్ సాహెబు మొదటి పాఠంలోనే. బాపట్ల మనిషి. చాలా ఏళ్ళుగా ఇక్కడ ఈ గదిలోనే. ఆయన తెలుగులో ఇంటి వాసన ఉంటుంది, మధ్యలో ఉర్దూ వచ్చి కూర్చుంటుంది. "కైకు డర్తా రే? బతికినోళ్ళు మోసం చేస్తరు, అప్పుచేసి ఎగ్గొడతరు, చాడీలు చెప్తరు. ఈళ్ళేం చేస్తరు? పాపం, ఈగని తోలుకోలేరు." నిజమే. ఆయన చెప్పిందంతా నిజమే. పొద్దున పోచన్న గడ్డం చూసి గుండె జల్లుమంటే దానికీ జవాబు చెప్పాడు. నిన్న నున్నగా ఉన్న గడ్డం ఇవాళ పెరిగినట్టుంది భాయ్ అంటే, "పెరగలా. చర్మం ఎండి లోపలికి పోయింది, వెంట్రుక బయటికొచ్చింది. అంతే," అన్నాడు. ప్రతి భయానికీ ఒక పాఠం ఉంది. కాని భయం ముందు వస్తుంది, పాఠం తర్వాత వస్తుంది. ఆ రెంటి మధ్య ఉన్న సందులో యేసురత్నం ఒక్కడే నిలబడాలి. అక్కడికి ఏ సాహెబూ రాడు.

కత్తి వైపు చూడలేదు. పళ్ళెంలో దాని పక్కన హుక్కు, దారం, గొట్టం వరసగా ఉన్నాయని చూడకుండానే తెలుసు. పోచన్న చేతి గోళ్ళలో సిమెంటు అలాగే ఉంది. బుడేన్ సాహెబు ఎంత రుద్దినా పోలేదు. నడుము దగ్గర నల్ల మొలతాడు, దానికి చిన్న రాగి తాయెత్తు. స్నానం చేయించేటప్పుడు సాహెబు దాన్ని ముట్టుకోలేదు, "అది వాళ్ళావిడకి చెందింది," అన్నాడు. కుడి ముంజేతి మీద పచ్చబొట్టు, వంకర అక్షరాలతో అంజవ్వ. ఆ పేరు అతను పొద్దున విన్నాడు. వినకుండా ఉంటే ఎంత బాగుండేది.

పొద్దున అతను వచ్చేసరికి వెనక మెట్ల మీద, నీడ మిగిలిన చారెడు చోటులో, ఒకతను గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మధ్య చేతిసంచి. క్యాంపు బస్సులో వచ్చినట్టున్నాడు. బుడేన్ సాహెబు "రత్నం, జల్దీ," అని కేకేసి లోపలికి పోగానే అతను లేచాడు.

"సారూ, జర మాట. మా పోచన్న లోపల్నే ఉన్నడా?"

"ఉన్నాడు. నువ్వెవరు?"

"రాజలింగం. ఇద్దరిదొక్కటే ఊరు, సిరిసిల్ల దిక్కు. వరుసకు నాకు బావ." సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నిద్రల వోయిండు సారూ. నా కిందిమంచమే. పొద్దుగాల లేపితె లేవలే. ఎవ్వలు సూడంగ పోలే, ఎవ్వలు పిలువలే. ఊర్లయితె దింపుడుగల్లం కాడ పాడె దించి, చెవుల మూడుసార్లు పేరువెట్టి పిలుస్తం. ఏమో, పానముంటె పలుకుతడని. ఈడ పెట్టెల వెట్టి మేకులు గొడ్తరు గద. ఆడ అంజవ్వ ఆ పెట్టె మీద వడి పిలుస్తది. పెట్టెకు చెవేడుంటది సారూ?"

యేసురత్నం తలుపు వైపు తిరిగాడు.

"నన్ను లోపటికి రానియ్యరట. నువ్వన్న పిలువు. కత్తి వెట్టకముందే పిలువు."

"నేను క్రైస్తవుణ్ణయ్యా. మాకు అవి లేవు."

"పేరు పిలిచెతందుకు ఏ దేవుడైతేంది?" అన్నాడు రాజలింగం, కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు. తర్వాత సంచిలోంచి ఒక కేసెట్టు తీసి చూపించాడు. "పోయిన శుక్రారం అంజవ్వకు ఆయిననే నింపిండు, ఒక దిక్కు. రెండో దిక్కు ఉత్తగున్నది. దాంట్ల నేను చెప్పి పంపుత. పిలిచినం, పలుకలేదని. గామాట వింటె ఆమెకు మనసు నిలవడ్తది. లేకుంటె బతికినన్నొద్దులు అనుకుంటది, మా ఇంటాయనను ఉత్తగనే పెట్టెల వెట్టిన్రని. నువ్వు చెప్పేదాక నేను ఈడికెల్లి లేవ."

ఇప్పుడు అతను ఆ తలుపు అవతలే ఉన్నాడు. కేసెట్టు అతని ఒళ్ళో ఉంది. పోచన్న గొంతు బయట చేతిసంచిలో ఉంది, గొంతు కాపురమున్న మెడ లోపల బల్ల మీద ఉంది. మధ్యన తలుపు. ఆ కేసెట్టుని ఇప్పుడు ఎవరైనా టేపురికార్డరులో పెట్టి మీట నొక్కితే, తలుపు అవతల పోచన్న దగ్గి, గొంతు సవరించుకుని, అంజీ, అందరు మంచిగున్నరా అంటాడు. ఇవతల ఈ మెడ కదలదు. కదలదు కదా? రెంటిలో ఏది పోచన్న? ఛీ, ఏం ఆలోచనలు. అతను బల్ల చుట్టూ నడిచి తల వైపుకి వచ్చాడు. వేపకాయంత ఊదారంగు చెవి తమ్మె. చెవి గురించి కూడా నేర్పారు. చెవి లోపల చిన్న చిన్న ఎముకలు, వాటి వెనక నత్తగుల్ల. ప్రాణం పోయేటప్పుడు అన్నిటికంటే ఆఖరున పోయేది వినికిడే అంటారని సూడాన్ డాక్టరు ఒకసారి పాఠంలో మాటవరసకి అన్నాడు. మిగతావాళ్ళు రాసుకున్నారు. యేసురత్నం రాసుకోలేదు. అతనికి రాసుకోవలసిన అవసరం లేదు. ఆ ఆస్పత్రి మొత్తంలో చచ్చినవాళ్ళ వరసలో పడుకుని లేచి వచ్చినవాడు అతనొక్కడే.

వద్దనుకున్నా వచ్చేసింది. వస్తుందని తెలుసు, ఏసీ గాలి మెడ వెనక తగులుతున్నప్పుడే తెలుసు. ఆ రోజు గాలి కూడా ఇలాగే సన్నగా, చల్లగా, పని అయిపోయినవాడి గాలిలా వీస్తూ ఉండింది. దివిసీమ ఉప్పెన మరునాడు. కరకట్ట మీద అందరినీ వరసగా పడుకోబెట్టారు. అతని కడుపు మీద ఎవరిదో ఆడమనిషి చెయ్యి, గాజులు పగలకుండా ఉన్నాయి, అది ఎవరిదో తల తిప్పి చూడాలనుకున్నాడు, తల తిరగలేదు. రాత్రంతా తుమ్మచెట్టుని వాటేసుకున్న ఒళ్ళంతా ముళ్ళు. మొహం మీద బురద ఎండి బిగుసుకుంటోంది. అమ్మ చెయ్యి ఎప్పుడు వదిలిందో, తనే వదిలాడో, నీళ్ళే విడదీశాయో. ముక్కులకి గుడ్డలు కట్టుకున్నవాళ్ళు ఇద్దరు వచ్చారు. ఒకతను అతని ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఆ గాలిలో ఏం తెలుస్తుంది? "వీడూ అంతే," అన్నాడు. వినబడింది. అంతా వినబడింది. లేదు, నేను అంతే కాదు, ఉన్నాను అని అరిచాడు. తను అరుస్తున్నాననే అనుకున్నాడు. గొంతులోంచి ఏమీ రావడంలేదని వాళ్ళు వెళ్ళిపోయాక తెలిసింది. తర్వాత అక్క వచ్చింది. గుంటూరులో నర్సు ట్రైనింగు చదువుతున్న దయాకుమారి అక్క, సహాయం లారీలో ఎక్కి వచ్చి, ఆ గట్టంతా పిలుచుకుంటూ వచ్చింది. రత్నం, ఒరే రత్నం, అమ్మా, ఒరే రత్నం. గొంతు చీలిపోయి ఉంది. పిలుపు దగ్గరయింది, ఇంకా దగ్గరయింది, సగం తెరుచుకున్న అతని కళ్ళ ముందుకి రెండు కాళ్ళు వచ్చి నిలబడ్డాయి. ఒక కాలికే చెప్పు. అక్కా అన్నాడు. అన్నాననుకున్నాడు. బురద ముఖాన్ని ఆమె పోల్చుకోలేదు. కాళ్ళు కదిలాయి. పిలుపు పక్క మనిషి మీదికి, ఆ పక్క మనిషి మీదికి, దూరానికి వెళ్ళిపోయింది.

అక్క ఇప్పుడు ఇదే ఆస్పత్రిలో పైన ఆడవాళ్ళ వార్డులో నర్సు. తనని ఇక్కడికి రప్పించి, ఈ కోర్సులో చేర్పించింది ఆమే. ప్రతి క్రిస్మస్‌కీ కేకు కోశాక ఒకసారి ఏడుస్తుంది. "ఆ గట్టంతా పిలిచానురా. నువ్వు అక్కడ లేవు. ఉంటే ఆ రోజే దొరికేవాడివి." అతను తల ఊపుతాడు. నువ్వు నా కాళ్ళ దగ్గర నిలబడ్డావే అని ఇంతవరకూ చెప్పలేదు, ఎప్పటికీ చెప్పడు. చెబితే ఆమెకి ఇక నిద్ర పట్టదు. సాయంత్రానికి ఎడ్లబండి వచ్చింది. ఒకడు భుజాలు, ఒకడు కాళ్ళు పట్టి ఎత్తారు. వేలాడిన ఎడమ చెయ్యి చక్రం ఆకుల్లోకి పోయింది. బండి కదిలింది. చిటికెన వేలు విరిగింది. అప్పుడు వచ్చింది కేక. బండివాడు దూకి పారిపోయాడు. ఆ వేలు ఇప్పటికీ వంకరే, చేతితొడుగు వేసుకుంటే చివర్న రబ్బరు ఖాళీగా వేలాడుతుంది.

అదీ అతనికి తెలిసిన పాఠం. ఏ పటంలోనూ లేనిది. పిలుపు లేపదు. పిలుపు వింటూ ఎంతసేపైనా పడి ఉండొచ్చు. లేపేది నొప్పి. పేరుకి పలకనివాడు కత్తికి పలుకుతాడు. కత్తి అంచు చర్మంలో దిగిన క్షణాన ఈ కనుబొమలు ముడిపడతాయి, ఈ పెదవులు విడతాయి, ఈ సిమెంటు గోళ్ళ చెయ్యి లేచి అతని మణికట్టు పట్టుకుంటుంది, ఎందుకు కోస్తున్నవ్ తమ్మీ అంటుంది. డాక్టరు చూశాడు, కాగితం రాశాడు, రెండు రోజులు చల్లటి అరలో ఉన్నాడు, ఒళ్ళు బిగిసి మళ్ళీ సడలింది, వీపు కింద రక్తం దిగి ఊదారంగు మచ్చలు కట్టింది. ఇన్ని సాక్ష్యాలు. బుద్ధి అన్నిటికీ తల ఊపుతుంది. చెయ్యి ఊపదు. చేతికి ఆ బండి చక్రం మాత్రమే గుర్తు.

మైకులో గొంతు పెరిగింది. ప్రసంగం ముగింపుకి వస్తున్నట్టుంది. అది అయ్యాక నమాజు, నమాజు అయ్యాక సాహెబు. యేసురత్నం వంగాడు. పోచన్న జుట్టులోంచి ఆస్పత్రి సబ్బు వాసన, దాని కింద ఎక్కడో ఇంకా పోని కొబ్బరినూనె వాసన. నోరు ఆ చెవి దగ్గరికి తీసుకుపోయాడు. తన ఊపిరి ఆ చెవికి తగిలి చల్లగా వెనక్కి వచ్చింది. ఎలా పిలవాలి? పోచన్నా అనా, పోచన్న గారూ అనా? పరాయివాడు పిలిస్తే లెక్కకి వస్తుందా? ఆ రోజు సొంత అక్క పిలిస్తేనే.

"పోచన్నా," అన్నాడు. మాట గరగరమంటూ వచ్చింది. ఏమీ కాలేదు. ఏసీ ఆగి, మళ్ళీ మొదలయింది.

"పోచన్నా. రాజలింగం బయట కూర్చున్నాడు." ఈ మాట ఎందుకు కలిపాడో అతనికే తెలియలేదు. ఊరికే పేరు పిలిచి ఊరుకోవడం మర్యాద కాదనిపించింది. పెదవుల మధ్య సన్నటి చీకటి గీత అలాగే ఉంది.

మూడోది నోటికి రాలేదు. మూడోది పిలిస్తే ఇక పిలవడానికి ఉండదు. రెంటి దగ్గర ఆపేస్తే పోచన్న ఇంకా నడిమధ్యలో ఉంటాడు, అటూ కాకుండా ఇటూ కాకుండా, ఆ కరకట్ట మీద ఉన్నట్టు. అక్కడ ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఒక మనిషిని అక్కడ వదిలేసి, ఊరికి పేటికలో పంపి, వాళ్ళావిడకి కేసెట్టులో అబద్ధం చెప్పించి. కాదు. కళ్ళు మూసుకున్నాడు. "పోచన్నా, అంజవ్వ పిలుస్తోంది." చాలాసేపు చెవి దగ్గరే వంగి ఉన్నాడు. పలక్కు అని మొక్కుకుంటున్నాడో పలుకు అని మొక్కుకుంటున్నాడో విడదీయడానికి రాలేదు.

పలకలేదు. సరే. అతను నిటారుగా నిలబడి, మెడ సాగడానికి భుజాల కింద దిమ్మ పెట్టాలని పోచన్న వీపు కింద చెయ్యి వేసి ఎత్తాడు. పోచన్న "హా..." అన్నాడు.

చిన్న శబ్దం. బరువు దించుకున్న కూలీ నోట్లోంచి వచ్చేలాంటిది. యేసురత్నం వెనక్కి జరిగి గోడకి కొట్టుకున్నాడు. పళ్ళెం గలగలమంది. నోరు తెరిచాడు, కేక రాలేదు. గాలి. గాలిరా. ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి, ఎత్తితే నొక్కుకుని పైకి వస్తుంది, గొంతు తీగల మీదుగా పోతుంది కాబట్టి చప్పుడవుతుంది. చెప్పారు. పరీక్షలో ప్రశ్న కూడా అదే, అతను బాగా రాశాడు. పాఠం వచ్చింది, కాని ఈసారి సందు చాలా వెడల్పుగా ఉంది, దాటలేకపోతున్నాడు. మూడుసార్లు పిలిచాక పలికాడు. రాజలింగానికి ఏం చెప్పాలి? గాలి అని చెప్పాలా? ప్రాణమంటే మాత్రం గాలి కాక ఏంటి? అమ్మ అలాగే అనేది, మట్టి ముద్దలో దేవుడు ఊదిన గాలిరా మనం.

కాళ్ళు ఎలా కదిలాయో, మళ్ళీ బల్ల దగ్గర ఉన్నాడు. రెండు వేళ్ళు, బొటనవేలు కాదు, చూపుడువేలూ మధ్యవేలూ, ఆ కండరం లోపలి అంచు మీద పెట్టి నొక్కాడు. టుక్కు. టుక్కు. టుక్కు. ఉంది. వేళ్ళ కింద స్పష్టంగా, గబగబా, తరుముతున్నట్టు. పోచన్న మెడలో నాడి కొట్టుకుంటోంది. గది ఒక పక్కకి ఒరిగింది. తలుపు వైపు పరిగెత్తాలి, డాక్టర్ని పిలవాలి, అక్కని పిలవాలి, బతికున్నాడు, బతికున్నవాణ్ణి మీరంతా. నిలదొక్కుకోవడానికి అదే చేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు. స్టీలు బల్ల. చల్లటి, మందమైన, కాలువ గీసిన బల్ల. బల్ల కొట్టుకుంటోంది. టుక్కు, టుక్కు, టుక్కు. అంతే వేగంతో. చేతిని తీసి గోడ పలక మీద పెట్టాడు. గోడ కొట్టుకుంటోంది. హుక్కు తీసి పట్టుకున్నాడు. హుక్కు కొట్టుకుంటోంది. అతను ఏది ముట్టుకుంటే దానికి ప్రాణం వస్తోంది. సాహెబు బొటనవేలని చెప్పాడు. భయపడ్డవాడికి అన్ని వేళ్ళూ బొటనవేళ్ళే.

నవ్వు రావలసిన చోటు అది. రాలేదు. కాని ఏదో ఒకటి సడలింది, ముడి కాదు, ముడి చివర. అతను కత్తి తీసుకున్నాడు. "నొప్పెడితే చెప్పు పోచన్నా," అన్నాడు, చెవిలో కాదు, మామూలుగా, బల్ల మీద మనిషితో మాట్లాడినట్టు. చర్మం మీద ఆనించి లాగాడు. గీత వెంట చర్మం విచ్చుకుంది. ఎర్రగా ఏమీ రాలేదు. అతను ఆగాడు. ముఖం చూశాడు. కనుబొమలు, పెదవులు, మణికట్టు, సిమెంటు గోళ్ళు. ఆగాడు. బండి చక్రం ఒక చుట్టు తిరిగేంత సేపు ఆగాడు. పోచన్నకి నొప్పి పుట్టలేదు. ఎక్కడా, ఏ మూలా పుట్టలేదు. నొప్పి లేకపోవడాన్ని అతను మొదటిసారి అంత దగ్గర్నుంచి చూశాడు. అది ప్రశాంతంగా లేదు. బావిలో రాయి వేసి చప్పుడు కోసం చెవి ఒగ్గితే ఎంతకీ చప్పుడు రాకపోవడంలాగా ఉంది.

పసుపురంగు కొవ్వు. దాని కింద కండరం. వేలితో పక్కకి తోశాడు. పొర. పొరని హుక్కు మొనతో చీల్చాడు. నీలంగా, చప్పగా, తడిసిన రిబ్బనులాగా సిర. వెనక తెల్లటి తాడు, అది కాదు, దాన్ని ముట్టుకోకు. లోపలివైపు, మీగడ రంగులో, గుండ్రంగా, గట్టిగా. పటంలో ఎర్రగా వేస్తారు, ఎరుపేమీ లేదు. హుక్కుని కిందుగా పోనిచ్చి నెమ్మదిగా ఎత్తాడు. వచ్చింది. వెలుగులోకి వచ్చింది. దాని కింద వంకర చిటికెన వేలు ఆనించి పట్టుకున్నాడు, ఆ వేలికి అంతకంటే సరైన పని ఈ లోకంలో లేనట్టు. ధమని ఖాళీగా, నిశ్చలంగా ఉంది. దాని కింద వేలు కొట్టుకుంటోంది. ఆ నాడి ఎవరిదో ఇప్పుడు తెలుసు. ఒక్కటే ఉంది ఈ గదిలో. దీన్ని ఎవరూ పంచుకోరు. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఇలాగే వంగి దీన్ని వెతుకుతారు, వాళ్ళ వేళ్ళే కొట్టుకుంటాయి.

అది అనుకున్నాక అతను కదలలేకపోయాడు. చేతులు ఉన్నచోట ఉన్నాయి, కాళ్ళు ఉన్నచోట ఉన్నాయి. మైకులో ప్రసంగం అయిపోయింది. నమాజులో అందరూ ఒక్కసారి వంగినప్పటి నిశ్శబ్దం. ఏసీ గాలి సన్నగా, చల్లగా. మొహం మీద చెమట ఎండి బిగుసుకుంటోంది. తలుపు మీద ఎవరో కొట్టారు.

"సారూ. పిలిచిన్రా?"

వినబడింది.

"సారూ! ఏమో గలగలమన్నది. పలికిండా?"

అంతా వినబడింది. లేదయ్యా, పలకలేదు, పిలిచాను, మూడుసార్లు పిలిచాను అన్నాడు. అన్నాననుకున్నాడు. తలుపు అవతల చెప్పులు అటూ ఇటూ కదులుతున్నాయి.

"ఓ రత్నం సారూ!" తలుపు మీద అరచేత్తో గట్టిగా చరిచాడు రాజలింగం. గొంతు చీలింది. "గాయిన పలుకకపోతె పాయె! నువ్వన్న పలుకు!"

ఎక్కడో కడుపు అడుగున కదిలింది. ముందు ఉత్త గాలి వచ్చింది, ఇందాక పోచన్న నోట్లోంచి వచ్చినలాంటిదే. దాని వెనక మాట వచ్చింది.

"ఉన్నా," అన్నాడు యేసురత్నం. "ఇక్కడే ఉన్నా. పలకలేదు... ఆయన పలకలేదు."

అవతల ఏమీ లేదు. చెప్పుల చప్పుడు కూడా ఆగిపోయింది. మళ్ళీ అంతేనా? మళ్ళీ లోపలే అన్నానా? హుక్కు మీద ధమని, ధమని కింద వేలు, వేలిలో తరుముతున్న నాడి. అతను తలుపునే చూస్తూ, ఊపిరి బిగబట్టి, ఎదురుచూశాడు.

"వినవడ్డది సారూ," అన్నాడు రాజలింగం తలుపు అవతలి నుంచి, మెల్లగా. "వినవడ్డది."